బ్యాండేజి గుడ్డ మీద పాట

కణ్మణి నా షెడ్డు గుమ్మంలో నిలబడి గుడ్డ అడిగితే లేదన్నాను. గుడ్డ ఉంది. ఆమె కళ్ళ ముందే గోడ ఎత్తున పేర్చి ఉంది. రాజపాళయంలో నాది ఆస్పత్రులకు పోయే బ్యాండేజి గుడ్డ నేసే చిన్న షెడ్డు. ఉన్న గుడ్డను లేదనడానికి కారణం ఆమె శ్రీనివాసన్ కూతురు కావడమే.

శ్రీనివాసన్ నా భార్య తమ్ముడు. పొన్నమ్మాళ్ మదురై ఆస్పత్రిలో, తమ్ముడు వస్తాడని వాకిలి వైపే చూస్తూ చనిపోయింది. ఆ సమయానికి వాడు తన జిన్నింగ్ మిల్లులో కొత్త మెషీనుకు పూజ చేయించుకుంటున్నాడు. కర్మకు మాత్రం వచ్చాడు, మనిషంత పూలదండతో. దాన్ని ఫోటోకు వేయనివ్వలేదు. ఆనాటి నుంచి వాడితో మాట లేదు. పోనీలే అని నాకు బుద్ధి చెప్పడానికి వచ్చినవాళ్ళకు కాఫీ కూడా ఇవ్వలేదు.

"మామా, కోపం మా నాయన మీద గదా. గుడ్డకేమి కోపం?" అంది కణ్మణి.

"వాడి కూతురివి గదా నీవు."

"అత్తకు మేనకోడల్ని గూడా. నేను ఆస్పత్రికి వచ్చినాను. మీరు చూసినారు."

అది నిజం. కాలేజీ హాస్టల్ నుంచి బస్సెక్కి వచ్చేది. అత్త తల దువ్వి, గోళ్ళు తీసి, మళ్ళీ బస్సెక్కేది. ఏమీ మాట్లాడేది కాదు. నాకు మాటలకంటే అదే నచ్చింది.

"ఎంత గుడ్డ?"

"మూడు తెరలు. ఒకటి వెనకాల ఒకటి కట్టాల. ఆ పక్క షెడ్డు ఖాళీగా ఉండాది గదా, రిహార్సల్‌కు అదీ కావాల."

"మగ్గాలు గూడా కావాలా?" అన్నాను.

నవ్వింది. పొన్నమ్మాళ్ నవ్వు కాదు. వేరే నవ్వు. అది మేలైంది.

ఆమె చెప్పిందేమంటే, మా తెలుగువాళ్ళ సంఘం ఏటా కల్యాణ మండపంలో విళా అని ఒక సాయంత్రం పాటకచేరీ పెడుతుంది. ఈసారి పాడేది గురువమ్మాళ్. జీవితమంతా స్పిన్నింగ్ మిల్లులో పనిచేసిన మనిషి. మా వాళ్ళ పెళ్ళిళ్ళకూ సమర్తలకూ మన తెలుగు పాటలు పాడుతుంది. ఇప్పుడు గొంతు సన్నబడింది. ఆమె పాడుతుంటే జనం సొంత కబుర్లు చెప్పుకుంటారు. కణ్మణి ఆమె వెనక తెరల మీద వెలుగు బొమ్మలు ఆడిస్తుందట.

"సినిమా వేస్తావా?"

"సినిమా లేదు మామా. ముందే తీసి పెట్టుకొనేది ఏమీ లేదు. ఆమె పాడితేదా వెలుగు కదులుతుంది. ఆమె ఊరుకుంటే అదీ ఊరుకుంటుంది."

మగ్గం దగ్గర తెగిన పోగు ముడేస్తున్న వెళ్ళయమ్మాళ్ వెనక్కి తిరిగింది. నా షెడ్డులో నా తర్వాత పాతది ఆవిడే.

"మొదలాళీ, పుండుకు కట్టే గుడ్డ మీద పాట చూపిస్తుందంట పాప. రేపు పాటకు సూది గూడా వేస్తుందేమో!"

"నీ నోటికి వేయమంటాను మొదట," అంది కణ్మణి.

వెళ్ళయమ్మాళ్‌కు ఎదురు చెప్పే ఆడపిల్లను చూసి చాలా కాలమైంది.

"మీ నాయన ఒప్పుకున్నాడా?" అని అడిగాను. పేరెత్తలేదు.

కణ్మణి ముఖం మారింది. చెన్నైలో ఉద్యోగం వదిలి ఒక లాప్‌టాప్, ఒక ప్రొజెక్టర్, కొన్ని పెట్టెలతో వచ్చిందని ఊరంతా ఇదివరకే నవ్వింది. శ్రీనివాసన్ సంఘం సెక్రటరీ. కూతురికి ఒక మాట పెట్టాడు. "ఈ ఒక్క విళా చూస్తాను. జనం కూచొని చూసినారంటే ఆ పైన నీ ఇష్టం. లేకుంటే ఆ పెట్టెలన్నీ అమ్మేసి మిల్లు ఆఫీసులో కూచోవాల" అన్నాడట. ఆమె సరేనంది.

"కూచోను మామా. ఆ ఆఫీసులో కూచుంటే నేను చచ్చిపోతాను," అంది. అరిచి కాదు, మామూలుగా అంది. అందుకే నమ్మాను.

గుడ్డ చూసుకోమన్నాను. తెల్లటిదాన్ని తీసుకుంటుందనుకున్నాను. ఎవరైనా అదే తీసుకుంటారు. ఆమె ఫోను లైటు వేసి ఒక్కో రకాన్నీ వెలుగుకు అడ్డం పెట్టి చూసింది. తెల్లగా చలువ చేసినదాన్ని పక్కన పెట్టింది. మగ్గం మీంచి దించిన కోరా గుడ్డను, అందులోనూ పలుచటిదాన్ని ఏరుకుంది.

"తెల్లది వెలుగంతా తానే తినేస్తుంది. వెనకాల ఉండేదానికి మిగలదు. ఇది కొంచెం పట్టుకొని కొంచెం విడుస్తుంది."

నేను పుట్టింది మంసాపురంలో, చదివింది అక్కడి పంచాయతీ బడిలో, అదీ పూర్తిగా కాదు. కానీ గుడ్డ తెలుసు. ఆమె చెప్పింది తప్పు కాదు.

పక్క షెడ్డులో పాత మగ్గాలు అమ్మేశాక ఏమీ లేదు. మధ్యలో గోడ సగం ఎత్తే ఉంది. కణ్మణి తాళ్ళు కట్టి మూడు గుడ్డలనూ మధ్య మధ్య నడిచేంత ఎడం వదిలి వేలాడదీసింది. ప్రొజెక్టర్‌ను ఎత్తుగా నిలిపింది. ఒక స్టూలు మీద లాప్‌టాప్, పక్కన మైకు తీగలు దూర్చే పెట్టె, ఆ పక్కన తిప్పే మరలున్న ఇంకో చిన్న పెట్టె.

లాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ తెరిచింది. బొమ్మలు కనిపిస్తాయనుకుంటే చిన్న చిన్న గళ్ళు కనిపించాయి. గడి నుంచి గడికి గీతలు. ఒక గీత రెండుగా చీలుతుంది, రెండు వచ్చి ఒకటవుతాయి.

"ఇది మీ పడుగు మామా," అంది. "ఈ గడిలో శబ్దం వస్తుంది. దీంట్లో రెండుగా విడగొడతాను. మందంగా ఉండే శబ్దం, ఉరుమి డోలు మాదిరి, ఈ దారిలో పోతుంది. సన్నంగా ఉండేది, పాట, ఆ దారిలో పోతుంది. పాట నిలువు పోగు లాగుతుంది. ఉరుమి అడ్డపోగు విసురుతుంది."

"నేస్తాండావా?"

"నేస్తాండాను."

ఎగతాళికి అడిగాను. ఆమె ఎగతాళిగా జవాబు చెప్పలేదు.

ఉరుమి వాయించే అజిత్ వచ్చాడు. వంగిన పుల్లతో డోలు మీద రుద్దాడు. మూడు గుడ్డల మీదా వెలుగు పోగులు అడ్డంగా పరిగెత్తాయి. ముందు గుడ్డ మీద స్పష్టంగా, రెండోదాని మీద మసకగా, మూడోదాని మీద నీడలా. ఎక్కడ గుడ్డ అయిపోయి ఎక్కడ గాలి మొదలైందో తెలియలేదు. నేను జీవితమంతా నేసిన గుడ్డ అది. పుండ్ల మీదా విరిగిన ఎముకల మీదా తప్ప దాన్ని ఇంకెక్కడా చూడలేదు.

"దగ్గితే గూడా కదులుతాదా?" అని అడిగాను.

"అందుకే ఈ గడి. దీని పేరు గేటు. ఈ గీతకు పైన ఉండే శబ్దాన్నే లోపలికి విడుస్తుంది. కింద ఉండేదాన్ని విడవదు. లేకుంటే ఫేను సత్తానికి, కుర్చీ చప్పుడుకు, అన్నిటికీ గుడ్డ వణుకుతుంది. అందరూ కొంచెం ఊరుకోండి."

అందరం ఊరుకున్నాం. గోడకు అవతల మగ్గాలు ఆడుతున్నాయి. కణ్మణి మర తిప్పుతూ గీతను పైకి, పైకి జరిపింది. గుడ్డ మీద వణుకు ఆగిపోయింది.

"ఇది మౌనం," అంది. "దీని పైన ఏమి వచ్చినా అది పాట."

గురువమ్మాళ్ వచ్చింది. మైకు చేతికిస్తే తీసుకోలేదు.

"ఐసు నాకినట్ల నోటికాడ పెట్టుకోలేను పాపా. ఆడ నిలబెట్టు. నేను ఈడ నిలబడతాను."

మైకును చేయి చాచినంత దూరంలో నిలబెట్టారు. ఆమె పాట ఎత్తుకుంది. అత్తింట్లో ఉన్న ఆడది, అన్న వస్తాడని బాటలో పోయే ఒక్కో బండినీ అడిగే పాట. గొంతుతో పాటే నేల నుంచి ఒక వెలుగు పోగు లేచింది. ఆమె సాగదీస్తే సాగింది. ఆమె గొంతు ఒణికిన చోట ఒణికింది. ఆపితే నిలబడి, మెల్లగా ఆరిపోయింది.

గురువమ్మాళ్ వెనక్కి తిరిగి చూసింది. మళ్ళీ ఒక ముక్క పాడింది. పోగు లేచింది. కావాలని దగ్గింది. వెలుగు ముద్దగా పడింది.

"అయ్యో! నా గొంతుకు కాళ్ళొచ్చినాయే!"

ఆ తర్వాత రోజూ చూశాను. చూడటానికి పోలేదు, నా షెడ్డు కనుక అటు పోక తప్పదు. కణ్మణి ఒక్క విరుపు కోసం ఒక మధ్యాహ్నమంతా కూర్చునేది. పాట తిరిగాక కనురెప్పపాటు ఆలస్యంగా పోగు తిరుగుతోందట. నాకు కనపడలేదు. ఆమెకు కనపడింది. ఒక గీత పీకి ఇంకో గడికి అతికి, మళ్ళీ పాడమనేది. "పాట వెనకాల వెలుగు పరిగెత్తకూడదు అవ్వా. పాటతోదా పోవాల" అనేది. కుదరకపోతే మెషీనును తిట్టేది కాదు, పాడేదాన్ని తిట్టేది కాదు. మొదటి గడి నుంచి మళ్ళీ వచ్చేది. నా దగ్గర పనిచేసిపోయిన ఫిట్టర్లు ఎందరో ఉన్నారు. సుత్తి తప్ప మరో ఆలోచన లేనివాళ్ళే ఎక్కువ. ఒక్కడైనా ఇట్లా తెగిన పోగు వెదికి ఉంటే నేను ఇంకో షెడ్డు కట్టి ఉండేవాణ్ణి.

విళా రోజు వచ్చింది. నేను గుడ్డ కట్టడానికి పోయాను. అంతే. శ్రీనివాసన్ ఉన్న చోటికి నేను పోనని ఊరికి తెలుసు కనుక వాకిట్లో ఒకరిద్దరు నోరు తెరిచారు. మూయమని చెప్పలేదు.

మండపంలో మధ్యాహ్నం దాకా ఎవరిదో నిశ్చితార్థం. ఆకులు తీసి, నేల కడిగి మాకు ఇచ్చేసరికి పొద్దు వాలింది. గుడ్డలు కట్టాం. అజిత్ ఉరుమి వాయించి చూశాడు. పోగులు పరిగెత్తాయి. గురువమ్మాళ్‌ను ఒక్క ముక్క పాడి చూడమని కణ్మణి బతిమాలింది.

"ఖాళీ కుర్చీలకు పాడేదానికి నాకేమి పైత్యమా? షెడ్డులో పాడినాను గదా."

"హాలు వేరే అవ్వా."

"గొంతు అదే గదా."

జనం రావడం మొదలైంది. ఇక కుదరలేదు.

దీపాలు ఆర్పారు. అజిత్ మొదలుపెట్టాడు. ఉరుమి ఉరమగానే మూడు గుడ్డల మీదా వెలుగు విసిరికొట్టింది. పిల్లలు కేకలేశారు. ఫోనులు పైకి లేచాయి. ముందు వరసలో సంఘం పెద్దలు కాళ్ళు చాచుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ మధ్య శ్రీనివాసన్. పెళ్ళికొడుకు తండ్రిలా కూర్చున్నాడు.

ఉరుమి ఆగింది. గురువమ్మాళ్ ఒంటరిగా పాట ఎత్తుకుంది.

గుడ్డ వెలగలేదు.

ఆమె పాడుతూనే ఉంది. గొంతు మెల్లగా, దగ్గరివాళ్ళతో చెప్పినట్టుగా ఉంది. వెనక మూడు తెరలూ చీకటి. ఎవరో ఈల వేశారు. వెనక వరసల్లో కుర్చీలు జరిగాయి. ముందు వరసలో పెద్దలు పత్తి ధర మాటల్లో పడ్డారు. నేను తెర తాడు పట్టుకుని కణ్మణి బల్ల పక్కనే ఉన్నాను.

శ్రీనివాసన్ లేచి వంగి నడుస్తూ వచ్చాడు.

"ఏమాయె మా? కరెంటా?"

"లేదు నాయనా. ఒక నిమిషం."

"మొన్న రిహార్సల్‌లో వీడియో తీసినావు గదా. అది పెట్టు. ఎవురికి తెలుస్తుంది?"

"వేయను."

"మానం పోతాండాది! సంఘం ప్రెసిడెంటు చూస్తాండాడు!"

"ఆ వీడియోలో ఉండేది మొన్న పాడింది. అవ్వ ఇప్పుడు పాడతాండాది నాయనా. ఆమె వెనకాల ఆమెనే దొంగగా పెట్టేదా?"

వాడు లాప్‌టాప్ మీదికి చేయి చాచాడు. నేను ఆ మణికట్టు పట్టుకుని పక్కకు పెట్టాను. ఏమీ అనలేదు. వాడితో మాట్లాడనని ఒట్టు ఉంది. పట్టుకోకూడదని లేదు.

కణ్మణి మమ్మల్నిద్దరినీ చూడలేదు. ఏ మరనూ ముట్టుకోలేదు. చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. అంతమంది గొణుగుతుంటే, తండ్రి తల మీద నిలబడి ఉంటే, ఆ పిల్ల కళ్ళు మూసుకుని విన్నది. తర్వాత తెర మీద గేటు గడిని చూసింది. గొంతు కొలిచే పచ్చ గీత, ఆమె షెడ్డులో పెట్టిన గీతకు చాలా కింద, సన్నగా ఆడుతోంది.

"మామా," అంది, "ఈడ మగ్గాలు లేవు."

నాకు అర్థం కావడానికి ఒక ఊపిరి పట్టింది.

షెడ్డులో అందరం ఊరుకున్నామనుకున్నాం. మగ్గాలు ఊరుకోలేదు. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు కనుక మాలో ఒక్కరికీ అది వినపడలేదు. మెషీను కొత్తది, దానికి వినపడింది. మగ్గాల మోతను మౌనమనుకుని కణ్మణి గీతను దాని పైన పెట్టింది. గురువమ్మాళ్ మిల్లు మనిషి. చప్పుడున్న చోట గొంతు తానే లేస్తుంది, లేచిందని ఆమెకు తెలియదు. ఇక్కడ చప్పుడు లేదు. గొంతు లేవలేదు. ఆమె పాటంతా ఆ గేటు బయటే నిలబడి ఉంది.

కణ్మణి మర మీద వేలు పెట్టింది. ఒక్కసారిగా తిప్పితే వెలుగు విరుచుకుపడేది, తప్పు జరిగిందని చిన్నపిల్లకూ తెలిసేది. ఆమె అట్లా తిప్పలేదు. గురువమ్మాళ్ ఊపిరి తీసుకునే చోటు దాకా ఆగింది. పాట మళ్ళీ మొదలైనప్పుడు, ఒక్కో మాటకూ ఒక్కో జానెడు అన్నట్టు గీతను దించింది. వెనక గుడ్డ మీద ఒక పోగు పుట్టింది. వెంట్రుక మందం. తర్వాత మధ్య గుడ్డ మీదికి వచ్చింది. తర్వాత ముందుకు. ఇంతసేపూ చీకటి కావాలనే పెట్టినట్టు ఉంది.

అప్పుడు అడ్డపోగులు మొదలయ్యాయి.

అజిత్ డోలు ఒళ్ళో పెట్టుకుని ఊరికే ఉన్నాడు. అయినా నిలువు పోగుల మీద అడ్డంగా గీతలు పడుతున్నాయి, వంకరగా, చిక్కుగా, అడ్డపోగు మోసే నాడె దారి తప్పిన మగ్గం నేసినట్టు. ఇరవై గజాల గుడ్డ పారేయాల్సిన తప్పు అది. ఎక్కడి నుంచో నాకు తెలియలేదు. కణ్మణికి తెలిసింది. గేటు అంత కిందికి దించాక, అంత దూరాన నిలబెట్టిన మైకు ముందు వరసను కూడా వింటోంది. మగవాళ్ళ గొంతులు మందం. అవి ఉరుమి దారిలో పోతున్నాయి. పెద్దల పత్తి ధర గురువమ్మాళ్ పాట మీద పడుతోంది.

ఆ దారి మూసేయడానికి ఇంకో మర ఉంది. ఆమె వేలు దాని మీదికి పోయింది. ఆగింది. వెనక్కి వచ్చింది.

"మూసేయి," అన్నాను.

"ఎందుకు మామా? వాళ్ళదీ వాళ్ళు చూడనీ."

ప్రెసిడెంటు పక్కవాడితో ఏదో గట్టిగా అన్నాడు. గుడ్డ మీద ఒక చిక్కు ముడి పడింది. ఆయన ఆగాడు. ముడి కరిగింది. ఆయన ఇంకో మాట అన్నాడు. ఇంకో ముడి. వెనక నుంచి ఒక ఆడగొంతు వినపడింది, వెళ్ళయమ్మాళ్‌దని తర్వాత తెలిసింది.

"అయ్యా, మీ మాటలు ఆ గుడ్డను చెరుపుతాండాయి! నోరు మూయండి!"

జనం నవ్వారు. నవ్వు గుడ్డ మీద తుంపరలా పడింది. అది చూసి నవ్వు ఆగింది. ఒకరినొకరు ఉష్ అనుకున్నారు. ఉష్ కూడా పడింది. తర్వాత అదీ లేదు. ఒక తల్లి ఏడ్చే బిడ్డను ఎత్తుకుని బయటికి పోయింది. ఫోనులు దిగాయి. మా సంఘం మండపం అంత నిశ్శబ్దంగా ఉండటం నేను ఏ చావుకూ చూడలేదు.

ఇక గుడ్డ మీద గురువమ్మాళ్ గొంతు ఒక్కటే ఉంది. ఆమెకు అది తెలిసింది. గొంతు ఇంకా తగ్గించింది. తగ్గించే కొద్దీ జనం ముందుకు వంగారు. ఆమె మొదటి బండినడిగింది, అన్న లేడు. రెండో బండినడిగింది. పోగు మూడు గుడ్డలనూ దాటుతూ పోతోంది, చీకట్లో బాట పోయినట్టు. కణ్మణి చేయి మర మీదే ఉంది, ఆమె కళ్ళు మాత్రం లాప్‌టాప్ మీద లేవు, గురువమ్మాళ్ మెడ మీద ఉన్నాయి. ఊపిరి అక్కడ కనిపిస్తుంది. గొంతు వచ్చేముందే ఆమె వేలికి తెలుస్తోంది. మెషీను పని చేసిందని ఊరంతా అన్నారు తర్వాత. మెషీను వింటుంది. ఎంత వినాలో ఆ వేలు చెప్పింది.

పాట అయిపోయింది. పోగు నిలబడింది. ఆరింది. చప్పట్లకు కొంచెం ఆలస్యమైంది. కొట్టినప్పుడు గుడ్డలు మూడూ తెల్లగా వెలిగిపోయాయి.

శ్రీనివాసన్ ముందు వరసకు తిరిగి పోలేదు. బల్ల పక్కనే నిలబడి పాటంతా విన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకోనీ. ఆ పాట ఆస్పత్రిలో వినాల్సింది.

జనం పోతుంటే వాడు కూతురి దగ్గరికి వచ్చాడు.

"బాగుండె మా. చాలా బాగుండె. ప్రెసిడెంటు గూడా చెప్పినాడు. ఈ వయసులో ఇట్లాంటిది ఏటికొకసారి చేయి. మిగతా నాళ్ళు ఆఫీసు చూసుకో..."

కణ్మణి తీగ చుడుతున్న చేయి ఆపింది. గేటు మర మీద అంత ధైర్యంగా వేలు నిలిపినదానికి తండ్రి ముందు మాట రాలేదు.

నాకు వచ్చింది.

"శ్రీనివాసా," అన్నాను. వాడు ఉలిక్కిపడ్డాడు. "జనం కూచొని చూస్తే దాని ఇష్టం అంటివి. కూచున్నారా లేదా?"

"బావా..."

"కూచున్నారా లేదా?"

"కూచున్నారు."

"ఆ మాట దాని ముఖం చూసి చెప్పు."

వాడు కూతురి వైపు తిరిగాడు. ఎదురుగా సంఘంవాళ్ళు నిలబడి వింటున్నారు. తప్పించుకునే చోటు లేదు.

"శరి మా," అన్నాడు. "నీ ఇష్టం. ఆఫీసు మాట ఇంక ఎత్తను."

కణ్మణి తల ఊపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ చేతులు మళ్ళీ తీగ చుట్టడం మొదలుపెట్టాయి.

శ్రీనివాసన్ నా దగ్గరికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"బావా, నాతో మాట్లాడినారు. ఇన్నేండ్లకు మాట్లాడినారు!"

"దానికోసం మాట్లాడినాను. నీతో లేదు."

"బావా, అక్క ఉంటే..."

"వైరు తొక్కుతాండావు. కాలు తీయి."

వాడు కిందికి చూసుకుని కాలు తీశాడు. కణ్మణి తీగ లాక్కుని చుట్టుకుంది.